ఇద్దరూ క్షమిస్తామన్న గోడ

సౌదీ వెళ్ళొచ్చానని తెలిసి మా కాలనీలో అందరూ ఎండల గురించే అడిగారు. చలికి తట్టుకోలేక అక్కడ శాలువా కొనుక్కున్నానంటే ఒక్కరూ నమ్మలేదు. ఇక అక్కడ ఒక గోడ కూల్చి వచ్చామంటే మా ఆయన కూడా నమ్మలేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. కరీంనగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. పాఠాల్లో నాకు బాగా ఇష్టమైనది, పిల్లలకు బొత్తిగా ఇష్టం లేనిది ఒకటుంది. రోమ్ సామ్రాజ్యం కూలిపోయాక పడమటి యూరప్‌ను ఫ్రాంకులనే జనం ఏలిన కాలం అది. వాళ్ళ రాజు దేశాన్ని కౌంటీలుగా విడదీసి ఒక్కోదానికి ఒక్కో కౌంట్‌ను పెట్టేవాడు. “కౌంట్ అంటే లెక్కలు రాసేటోడా మేడమ్?” అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు, క్లాసంతా నవ్వుతుంది. లాటిన్‌లో ఆ మాటకు ‘వెంట ఉండేవాడు’ అని అర్థం. రాజు వెంట ఉండే మనిషన్నమాట. రాజు పంపిన చోటికి వెళ్ళి తగువులు తీర్చాలి, రాబడి పోగుచెయ్యాలి, యుద్ధం వస్తే మనుషుల్ని వెంటేసుకుని పోవాలి. రాజు వద్దంటే దిగిపోవాలి.

కాని కొన్ని తరాలు గడిచేసరికి ఆ కొలువు తండ్రి నుంచి కొడుక్కి రావడం మొదలైంది. దేశ్‌ముఖుల కథ తెలిసిన మనకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. అయితే రాజు పంపిన మనిషి ఊరికి దొర అయ్యింది సరిగ్గా ఎప్పుడు? రాజు ఎందుకు ఊరుకున్నాడు? ఆ కుటుంబాల మీద తెలుగులో చిన్న పుస్తకం రాయబోయి ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. అప్పుడే మా తమ్ముడు రమేశ్ ఖఫ్జీ నుంచి ఫోన్ చేసి, “ఎన్నేండ్లయె అక్కా రమ్మనబట్టి, ఈ సెలవులకన్న రా” అన్నాడు.

ఖఫ్జీ

కువైట్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఊరు ఖఫ్జీ. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు చమురు బావుల మంటలు. రమేశ్ అక్కడ యంత్రాల మరమ్మతు పనివాళ్ళకు సూపర్‌వైజర్. క్యాంపులో జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్ళే ఎక్కువ. అక్కడి మాట వింటుంటే మా బస్టాండులో నిలబడ్డట్టే ఉంటుంది. కాకపోతే మధ్యలో ‘ఇఖామా’, ‘కఫీల్’ అనే మాటలు దొర్లుతుంటాయి. ఒకటి అక్కడ ఉండటానికిచ్చే కార్డు, రెండోది పనిలో పెట్టుకున్న సౌదీ యజమాని. ఒక్క రియాలుకు దొరికే టీ మన ఇరానీ చాయ్ కంటే చిక్కగా ఉంది. మెస్‌లో పెషావర్ వంటవాడు నాకోసం ప్రత్యేకంగా పప్పు చేసి, “బెహన్‌జీ, మీ పప్పులో పులుపు ఎందుకు?” అని అడిగాడు. చింతపండు గురించి హిందీలో చెప్పబోయి నేను ఓడిపోయాను.

సాయంత్రం రమేశ్ సరిహద్దు రోడ్డు చూపించాడు. ఫ్రాంకుల రాజ్యంలో ఇలాంటి అంచు ప్రాంతాలను ‘మార్క్’ అనేవారని, అక్కడి కౌంట్‌కు మిగతావాళ్ళకంటే ఎక్కువ సైన్యం, ఎక్కువ అధికారం ఉండేవని మొదలుపెట్టాను.

“అక్కా, ఈడ గుడ నీ కౌంట్లేనా?” అని రమేశ్ నవ్వాడు. “గవే గావాలంటే అభా పో. కొండల మీద పాత షేకుల ఇండ్లుంటయి, కోటల లెక్క. మా లింగన్న ఆడ బండి నడుపుతడు, తిప్పుతడు.”

రమేశ్‌కు సెలవు దొరకలేదు. నేనొక్కదాన్నే బయల్దేరాను.

అభా

విమానం దిగగానే వణుకు పుట్టింది. అభా అసీర్ ప్రాంతానికి ముఖ్యపట్టణం, ఎత్తైన కొండల మీద ఉంది. మబ్బులు మనిషి ఎత్తులో తిరుగుతుంటాయి. శాలువా కొన్నది ఇక్కడే.

లింగన్నది నిజామాబాద్ జిల్లా. తాపీ పనికని వచ్చి, తర్వాత డ్రైవర్‌గా మారాడు. నన్ను చూడగానే “రమేశన్న అక్కంటే మాకు గుడ అక్కనే” అని నా చేతిలోంచి సంచి అందుకున్నాడు. వచ్చే వారం చుట్టీ మీద ఇంటికి పోతున్నాడట. కూతురు పుట్టాక ఒక్కసారి కూడా వెళ్ళలేదు. “ఫోన్ల నాయిన నాయిన అంటది. ఎదురుంగ వోతె గుర్తువడ్తదో లేదో” అని నవ్వుతూనే అన్నాడు.

మర్నాడు మంగళవారం సంత. తలకు పూలూ ఆకులూ దండలుగా చుట్టుకున్న ముసలివాళ్ళు అక్కడ ఏమాత్రం సిగ్గుపడకుండా బేరాలాడుతున్నారు. మన దగ్గర పెళ్ళిరోజు తప్ప మగవాడి తలమీద పూలు చూడం! ఒక ముసలాయన నా కుతూహలం చూసి దండలోంచి దవనంలాంటి రెమ్మ తుంచి ఇచ్చాడు. వాసన కూడా అచ్చం దవనమే. సిద్ర్ తేనె సీసా రెండు వందల రియాళ్ళన్నారు. సిద్ర్ అంటే ఏదో గొప్ప చెట్టనుకున్నాను, తీరా చూస్తే మన రేగుచెట్టు. రెండు చుక్కలు నాలుకమీద వేయించుకుని సీసా మాత్రం కొనలేదు.

అరీకా అనే వంటకం తిన్నాం. వేడి రొట్టెను చేత్తో మెదిపి, మధ్యలో గుంట చేసి నెయ్యి, తేనె పోస్తారు. లింగన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, “మన మలీదనే గదక్కా” అన్నాడు. నిజంగా మలీదే. బెల్లం బదులు తేనె, అంతే. బయట బండి దగ్గర నేను అరటిపళ్ళ కవరు పట్టుకుని నిలబడితే ఒక కోతి వచ్చి తీసుకుని పోయింది. లాక్కోలేదు. పెద్దమనిషిలా చెయ్యి చాపింది, నేను ఇచ్చేశాను.

పొగమంచులో

మూడో రోజు ఒక కొండ ఊరికి బయల్దేరాం. ఊరి పేరు రాయడం లేదు. జరిగింది వాళ్ళింటి విషయం.

వాలంతా మెట్లు మెట్లుగా పొలాలు. ప్రతి మెట్టుకూ సున్నం లేకుండా పేర్చిన రాతిగోడ. పైన ఒకటి, కింద ఒకటి రెండు ఎత్తైన పాత ఇళ్ళు. మట్టిగోడల్లోంచి పలకరాళ్ళు వరసలుగా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. వానకు మట్టి కరగకుండా ఉండటానికట. నేను ఫొటో తీద్దామని ఫోన్ ఎత్తేలోపల మబ్బు దిగింది. రోడ్డు మీద ఉన్నట్టుండి కోతుల గుంపు. లింగన్న స్టీరింగ్ తిప్పాడు. బండి జారి మెల్లగా, చాలా మెల్లగా, పొలం గోడకు తగిలింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత గోడలో ఒక ముక్క మొత్తం దడదడమని కింది చేలోకి రాలింది.

మాకు దెబ్బలు తగల్లేదు, బండికి దీపం పగిలింది. లింగన్న దిగి రాళ్ళను చూస్తూ నిలబడిపోయాడు.

“కేసయితే నా చుట్టీ పోతదక్కా. కేసు తెగేదాంక బయటికి వోనియ్యరు.”

కింది ఇంట్లోంచి ఒకాయన, పై ఇంట్లోంచి ఇంకొకాయన వచ్చారు. ఇద్దరూ యాభై దాటినవాళ్ళే. ఇద్దరూ మొదట మాకు దెబ్బలు తగిలాయేమోనని చూశారు. తర్వాత లింగన్న తలదించుకుని ఏదో అన్నాడు. కింది ఇంటాయన గుండెమీద చెయ్యి పెట్టుకుని జవాబు చెప్పాడు. వెంటనే పై ఇంటాయన అరిచాడు. ఆయన అరిస్తే ఈయనా అరిచాడు.

“ఏమంటున్నారు లింగన్నా?”

“మాఫ్ చేస్తమంటున్నరక్కా.”

“మరి అరవడమెందుకు?”

“ఇద్దరు మాఫ్ చేస్తమంటున్నరు. గదే లొల్లి.”

అర్థం కావడానికి కాసేపు పట్టింది. వాళ్ళ తాతలు అన్నదమ్ములు. కింది ఇంటాయన పేరు సయీద్, పై ఇంటాయన మిస్ఫర్. పొలాలు పంచుకున్నప్పటి నుంచీ మధ్య గోడ ఎవరిదన్న తగువు నడుస్తోంది. గోడ ఎవరిదైతే క్షమించే హక్కు వాళ్ళదే. లింగన్న సయీద్ దగ్గర మాఫీ తీసుకుంటే గోడ సయీద్‌దని ఒప్పుకున్నట్టు. అలా చేస్తే పోలీసును పిలుస్తానని మిస్ఫర్ అంటున్నాడు. మిస్ఫర్‌కు తలవంచితే సయీద్ పిలుస్తాడు. లింగన్న ఇద్దరి మధ్యా నిలబడి రెండు చేతులూ జోడించాడు. అదీ తప్పయింది, చేతులు కాస్త సయీద్ వైపు తిరిగి ఉన్నాయట!

చివరికి ఊరి షేక్‌కు కబురు వెళ్ళింది. ఆయన వచ్చేదాకా నన్ను కింది ఇంట్లోకి, ఆడవాళ్ళ గదిలోకి పంపారు.

నువ్వు ఎవరి కూతురివి?

లోపలికి అడుగుపెడుతూనే, “దా అక్కా, కూసో. యా ఊరు మీది?” అని తెలుగు వినిపించి ఉలిక్కిపడ్డాను. ఆ ఇంట్లో పనిచేసే ఓబులమ్మ. కడప జిల్లా రాయచోటి పక్క ఊరు. గాజు గ్లాసులో పాలు లేని చాయ్ నా చేతికిస్తూనే ఊరు, కులం, పిల్లలు, జీతం అన్నీ అడిగేసింది. నేనూ అడిగాను. వచ్చి చాలా ఏళ్ళయింది, మధ్యలో రెండుసార్లు ఇంటికి పోయి వచ్చింది. మొదటి ఇంట్లో తిండి సరిగా పెట్టలేదు, ఈ ఇల్లు మేలు అంది.

గ్లాసు పట్టుకునే గది గోడల దగ్గరికి వెళ్ళాను. నడుము ఎత్తు వరకూ ఎరుపు, పసుపు, నీలం, నలుపు గీతలు, ముక్కోణాలు, దువ్వెన పళ్ళలాంటి వరసలు. ఇక్కడ ఇంటి లోపలి రంగులు ఆడవాళ్ళ పని. ఆ రంగుల కింద పరుపు మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. సయీద్ తల్లి. ఓబులమ్మ ఆమెను ‘పెద్ద మామా’ అంటుంది. ఇక్కడ పనిచేసే మనవాళ్ళందరూ ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తారు.

“నువ్వు ఎవరి కూతురివి అని అడగతాంది” అంది ఓబులమ్మ.

మా నాన్న పేరు చెప్పాను. ఆయన తండ్రి? చెప్పాను. ఆయన తండ్రి? అక్కడికి ఆగిపోయాను. మాకు ఇంటిపేరు ఉంటుంది, అది చాలు అని ఓబులమ్మ చేత చెప్పించాను. ముసలావిడ జాలిగా చూసి తన వరస మొదలుపెట్టింది. ఫలానా కూతురు, ఫలానా కొడుకు, ఫలానా కొడుకు... జపమాల తిప్పినట్టు పోతూనే ఉంది. అందులో మిస్ఫర్, సయీద్ అనే పేర్లు మళ్ళీ మళ్ళీ వచ్చాయి.

ఫ్రాంకుల గొప్ప కుటుంబాలకు ఇంటిపేర్లు లేవు. తాత పేరు మనవడికి, మేనమామ పేరు మేనల్లుడికి తిరిగి తిరిగి పెట్టుకునేవారు. ఏ కౌంట్ ఏ కుటుంబంవాడో చరిత్రకారులు చాలాసార్లు ఆ పేర్లను పట్టుకునే ఊహిస్తారు. తల్లి వైపు గొప్పదైతే తల్లివాళ్ళ పేరే పెట్టేవారు. క్లాసులో నేను బోర్డు మీద గీసే వంశవృక్షం ఇక్కడ ఒక ముసలావిడ నోట్లో ఉంది.

“మీ వరసలో మిస్ఫర్ పేరు ఎక్కడిది?” అని అడిగాను.

“పైనింటోడి పేరు ఈమె నాయన పేరేనంట. ఈమె పుట్టిండేది ఆ పైనింట్లోనే అక్కా. ఆ మిస్ఫరు ఈమె అన్న కొడుకు. ఈడికి కోడలుగా వచ్చినాది. చిన్నాయన కొడుకునే చేసుకున్నాది.”

“మరి తగువులో ఈమె ఎటువైపు?”

ఓబులమ్మ ఆ ప్రశ్నను అరబ్బీలో అడగలేదు. “అడగొద్దక్కా. గోడ ఎత్తు చేసినాంక ఆ ఇంట్లో అడుగు పెట్టలా. ముందు చేలోబడి నడిచి పోతాండె. ఇప్పుడు రోడ్డు చుట్టు తిరిగి కారులో పోవల్ల. కారు యెవురు తోలాల? కొడుకు తోల్డు, అల్లుడు రాడు” అని మెల్లగా అంది. మిస్ఫర్‌ను అల్లుడు అనడం మన మేనల్లుడి లెక్కన.

షేక్ వచ్చాడు

షేక్ తెల్ల గడ్డం మనిషి, చేతికర్రతో వచ్చి విరిగిన గోడ పక్కనే రాయిమీద కూర్చున్నాడు. ఊళ్ళో మరికొందరు పెద్దలు చుట్టూ కూర్చున్నారు. నన్ను విదేశీ అతిథినని బయటికి పిలిచి ఒక పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మబ్బు విడిపోయింది.

నేను చదివిన కౌంట్ సభ ఇదే. కౌంట్ వచ్చి కూర్చుంటాడు కాని, తీర్పు చెప్పేది ఆ ప్రాంతం పెద్దమనుషులు. పాత సంగతి తెలిసినవాళ్ళను అడుగుతారు, ప్రమాణాలు చేయిస్తారు. ఇక్కడా అంతే. ఒక పెద్దాయన గోడ సయీద్ తాత కట్టాడన్నాడు. ఇంకో పెద్దాయన రాళ్ళు మిస్ఫర్ పొలంలోవి అన్నాడు. సయీద్ లేచి ఒట్టు వేస్తానన్నాడు. మిస్ఫర్ కూడా లేచాడు. షేక్ కర్ర ఎత్తి, “రాళ్ళకోసం దేవుణ్ణి పిలవకండి” అన్నాడు. లింగన్న నాకు తెలుగు చేస్తూనే ఉన్నాడు.

తగువు కాసేపు ఆగి కాఫీ వచ్చింది. పసుపుపచ్చటి పల్చటి కాఫీ, యాలకుల ఘాటు. ఉండబట్టలేక నా ప్రశ్న అడిగేశాను. ఈ పదవి సర్కారు ఇచ్చిందా, తండ్రి నుంచి వచ్చిందా?

షేక్ ఆలోచించి చెప్పాడు. లింగన్న తెలుగు చేశాడు: “వాళ్ళ నాయిన వోయినంక ఊరోళ్ళందరు వాళ్ళింటికొచ్చి కాఫీ తాగిన్రట. తర్వాత సర్కార్ కాయితం అచ్చింది. ఊరోళ్ళు వేరే ఇంటికి వోయి తాగితే, కాయితం గుడ ఆ ఇంటికే వోతుండె అంటున్నడు.”

ఇన్ని పుస్తకాలు చదివీ నా ప్రశ్నను ఊరివాళ్ళ వైపు నుంచి చూడనే లేదని అప్పుడు తట్టింది. కొలువు కౌంట్ కొడుక్కి వచ్చిందంటే, రాజు ఇచ్చాడా, కొడుకు లాక్కున్నాడా అని మాత్రమే ఆలోచించాను. ఊరు ఏ గుమ్మం ఎక్కిందో అడగలేదు.

కాఫీ తర్వాత మళ్ళీ గొంతులు లేచాయి. మిస్ఫర్ జేబులోంచి ఫోన్ తీశాడు. పోలీసు నంబరు నొక్కుతున్నాడని అందరికీ అర్థమైంది. లింగన్న నా కుర్చీ వెనకాల నేలమీద కూర్చుండిపోయాడు.

అప్పుడు ఇంటివైపు నుంచి ఓబులమ్మ భుజం పట్టుకుని ముసలావిడ వచ్చింది. మగవాళ్ళు లేచి నిలబడ్డారు. ఆమె ఎవరినీ పలకరించకుండా నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి, కూలిన సందులోంచి పై చేనును చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత లింగన్నను లేవమని సైగ చేసి ఏదో అంది. ఓబులమ్మ బిగ్గరగా తెలుగులో చెప్పింది, అక్కడ అర్థమయ్యేది మా ఇద్దరికే అయినా.

“నిన్ను నేను మాఫ్ చేస్తాండా అంటాంది. నేను ఆ ఇంటి కూతుర్ని, ఈ ఇంటి కోడల్ని. గోడ యెవురిదయినా నాదే అంటాంది.”

సయీద్ ఏదో అనబోయాడు. ఆమె అతని వైపు చూడకుండానే ఇంకో మాట అంది. ఈసారి ఓబులమ్మ గొంతు తగ్గింది.

“ఈ సందు పూడ్చొద్దండి అంటాంది. మెట్లు పెట్టండి. నా కాళ్ళు పనిచేస్తాండగానే పెట్టండి అంటాంది.”

షేక్ పెద్దల వైపు చూశాడు. ఒకాయన తల ఊపాడు, తర్వాత మిగతావాళ్ళు. మిస్ఫర్ ఫోన్‌ను కాసేపు చేతిలోనే తిప్పుతూ ఉండి, జేబులో వేసుకున్నాడు.

మెట్లు

ఆ పూట మేం అభా తిరిగి వెళ్ళలేదు. అతిథి పేరుతో షేక్ ఇంట్లో ఉంచేశారు. తెల్లవారాక లింగన్న తనే అడిగి రాళ్ళు మోయడానికి వెళ్ళాడు. సయీద్, మిస్ఫర్ ఇద్దరూ వచ్చారు. మొదట గోడకు చెరోవైపు నుంచి పనిచేశారు, ఒకరితో ఒకరు మాట్లాడకుండా లింగన్న ద్వారా మాట్లాడారు. “ఆ రాయి ఇటు తెమ్మను”, “పెద్దది కింద పెట్టమను”. పాపం, తెలుగువాడు ఇద్దరు అరబ్బుల మధ్య అరబ్బీని అరబ్బీలోకి మార్చాడు. మొదట పెట్టిన మెట్టు ఊగింది, తీసి మళ్ళీ పెట్టారు. ఒక పెద్ద రాయి ఇద్దరూ కలిసి పట్టుకుంటే గాని లేవలేదు. దాన్ని దించాక మిస్ఫర్ నడుము పట్టుకుని ఏదో అంటే సయీద్ నవ్వాడు. ఆ మాట ఏమిటో లింగన్న నాకు చెప్పలేదు. “మొగోళ్ళ మాటలక్కా” అన్నాడు.

మధ్యాహ్నానికి పని అయింది. గొప్ప పనేమీ కాదు, వంకరటింకర రాళ్ళు. ముసలావిడ ఒక చెయ్యి కొడుక్కి, ఒక చెయ్యి మేనల్లుడికి ఇచ్చి ఎక్కింది. పై చేలో బార్లీ మొలకల మధ్య గట్టు మీద నడిచింది. వెనక ఓబులమ్మ, ఆమె వెనక నేను. పై ఇంటి గుమ్మంలో మిస్ఫర్ భార్య నిలబడి ఏడుస్తోంది. ముసలావిడ ఆమె తలమీద ముద్దుపెట్టి లోపలికి వెళ్ళింది.

ఆ ఇంట్లో ఆడవాళ్ళ గది రంగులు ముసలావిడ తల్లి వేసినవని ఓబులమ్మ దారిలో చెప్పింది. నేను గుమ్మం దగ్గరే ఆగాను. ఆమె గోడమీద చెయ్యి వేసి, గీతల వెంబడి వేళ్ళు జరుపుకుంటూ పోయింది. ఇప్పుడు ఏడుస్తుందనుకున్నాను. ఒకచోట చెయ్యి ఆగింది. అక్కడ పచ్చరంగు మిగతావాటికంటే కొట్టొచ్చినట్టుంది, బజారు పెయింటు. ఆమె గిరుక్కున తిరిగి గట్టిగా అరిచింది.

“ఈ పచ్చ యెవురు పూసినారు అంటాంది” అని ఓబులమ్మ నవ్వు ఆపుకుంటూ చెప్పింది. “మా యమ్మ ఇట్లాంటి పచ్చ యెప్పుడన్నా పూసినాదా అంటాంది.”

మిస్ఫర్ భార్య ఏడుపు మరిచిపోయి జవాబు చెప్పింది. ముసలావిడ దానికి ఇంకో జవాబు చెప్పింది. సయీద్, మిస్ఫర్ చెప్పులు వేసుకుని మెల్లగా బయటికి జారుకున్నారు. లోపల రంగు డబ్బాలు బయటికొచ్చాయి. లింగన్న బండి హారన్ రెండుసార్లు కొట్టాడు, అభాలో నా విమానానికి వేళవుతోంది. వెళ్ళొస్తానని చెబుదామని లోపలికి చూశాను. ఆమె నేలమీద కాళ్ళు చాపుకుని కూర్చుని, కుంచె చేతిలోకి తీసుకుంటోంది.